గాలి తీయబడును: సటీకా తాత్పర్యము

వేదములకు సాయణుడు దొరకెను. కాళిదాసునకు మన మెదకు సీమవాడే యగు కొలిచెలమ మల్లినాథసూరి దొరకెను. అమీర్‌పేట బోర్డులకు మాత్రము వ్యాఖ్యాత యింతవరకు దొరకలేదు. మైత్రీవనము మొదలుకొని సత్యం థియేటరు వరకు (థియేటరు కూలినను పేరు కూలలేదు) గోడ కానరాకుండ అల్లుకొనియున్న ఆ వాఙ్మయములో, నెలదినములలో పైథాను నేర్పెదమనువారి ప్రగల్భములును, హాస్టలులో మూడుపూటల భోజనము పెట్టెదమనువారి ప్రలోభములును పుష్కలముగా నున్నవి గాని, వానియందు ధ్వని లేదు, గాంభీర్యము లేదు. ఆ రెండును గల రచన ఒక్కటి, పంజగుట్ట వైపునకు తిరుగు ఒక సందులో, నీలపు గేటునకు వ్రేలాడు తగరపు రేకుమీద, ఎఱ్ఱరంగుతో వ్రాయబడియున్నది. మల్లినాథుడు మూలములో లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు నియమము పట్టెను. ఆయనకు పార్కింగు బాధ లేదు గనుక ఆ నియమము చెల్లెను, నాకు చెల్లదు.

మూలము

గేటు ముందు బండి పెట్టరాదు.
పెట్టినచో గాలి తీయబడును.

అవతారిక

ఈ వాక్యద్వయము ఏనాడు పుట్టినదైనను, దానికి వ్యాఖ్యానము అవసరమైనది ఎదుటి అపార్టుమెంటులోని పైథాను మాస్టారు ఒక చిన్న ట్రైలరు కొనిన తరువాతనే. అది కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు రెండు చక్రముల పెట్టె. లోపల ఇద్దరు పండుకొనుటకు పఱుపు. వెనుక తలుపు పైకెత్తినచో ఒక పొయ్యి, ఒక గట్టు, నాలుగు గిన్నెలు. అమెరికావారు 1930 ప్రాంతముల నుండి పెరటి షెడ్లలో స్వయముగా కట్టుకొనుచు వచ్చిన కన్నీటిబొట్టు ఆకారపు జాతి. మాస్టారు దానిని క్యాంపరు అందురు. వాచ్‌మన్ డబ్బా యనును. సందులోని పిల్లలు, సారథి స్టూడియో ఈ పేటలోనే యుండుటచే కారవాన్ అనగా సినిమావారిదే యని యెఱిగినవారగుటచే, అందులోనుండి ఏ హీరో దిగునో యని కాచి కాచి, చీపురుతో మాస్టారే దిగగా నిరాశపడి వెడలిపోయిరి. సెల్లారులో ఫ్లాటునకు ఒక్క బండికే చోటు. ఆ చోట కారు నిలుచును. కావున అనంతగిరి అడవులలో, మూసీ పుట్టిన చోట, చెట్లక్రింద నిలువవలెనని కొనబడిన యా పెట్టె, సందులో మిగిలిన ఒక్క ఖాళీయందు, అనగా నీలపు గేటుముందు, నిలువవలసి వచ్చెను.

టీక

గేటు = ఇంటికిని వీథికిని నడుమ ఇనుముతో చేయబడిన అభిప్రాయభేదము. 1830వ సంవత్సరము మే 18న చెన్నపట్నము నుండి కాశికి బయలుదేరి, హైదరాబాదు మీదుగా పోయి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు డేరాలతోను, పల్లకీతోను, బోయీలతోను, పెద్ద పరివారముతోను ప్రయాణము చేసిరి గాని, ఎవరి గేటు ముందైనను డేరా వేసి మాట పడినట్లు ఆయన యాత్రాచరిత్రలో కానరాదు. అది ఆయన మర్యాద యనుకొనుటకంటె, నాడు గేట్లు తక్కువ యనుకొనుట మేలు.

ముందు = ఎదుట. ఎంతవఱకు ఎదుట? గేటు వెడల్పు మాత్రమే యని ఒక మతము. ప్రహరీగోడ పొడవెల్ల నని మఱియొక మతము. ఇంటాయన కుర్చీ వేసికొని కూర్చుండినపుడు చూపు ఆనునంత దూరమని మూడవ మతము. ఆచారము మూడవదానినే బలపఱచుచున్నది.

బండి = ఇచ్చట శాస్త్రచర్చ కలదు. హైదరాబాదు వ్యవహారములో ఈ పదమునకు ముఖ్యార్థము మోటారుసైకిలు. 'బండి ఏడ పెట్టినవ్?' అని యడుగగా ఎద్దులకై వెదకువాడు ఈ ఊరివాడు కాడు. మాస్టారి పూర్వపక్షము ఏమనగా: తనంతట కదలునది బండి, నా పెట్టెకు ఇంజను లేదు, కావున అది బండి కాదు, ఇల్లు, ఇంటి యెదుట ఇల్లుండుట లోకసిద్ధము. ఇంటాయన కోర్టు గుమాస్తాగా పనిచేసి విరమించినవాడు. ఆయన సిద్ధాంతము: 1988 నాటి మోటారు వాహనముల చట్టము 2వ సెక్షను 28వ ఖండము, మోటారు వాహనమన నేమో నిర్వచించుచు, బాడీ కట్టని ఛాసీని, ట్రైలరును గూడ అందులో చేర్చినది, ఇంజను లేకున్నను శాస్త్రదృష్టిలో అది మోటారు వాహనమే.

మాస్టారు సామాన్యులు కారు. ఆ ఖండము చివరనే, నాలుగింటికి తక్కువ చక్రములు గలిగి, ఇంజను సామర్థ్యము 25 ఘన సెంటీమీటర్లకు మించని వాహనమునకు మినహాయింపు కలదని కనిపెట్టి, 'నాకు చక్రములు రెండు. ఇంజను సామర్థ్యము సున్న. సున్న ఇరువదియైదునకు మించదు గదా' యని వాదించిరి. పైథాను నేర్పువాని చేతికి చట్టము చిక్కరాదు. దీనికి సమాధానము: ఆ మినహాయింపు ఇంజను బిగింపబడిన వాహనమునకే, లేని ఇంజనునకు సామర్థ్యము సున్న యనుట, లేని కొడుకునకు వయస్సు సున్న యనుట. ఇంతేకాక, సొంత వాడుకకైన క్యాంపరు వ్యానును, ట్రైలరును రవాణాయేతర వాహనములలో చేర్చుచు 2004 నవంబరు 5న కేంద్రప్రభుత్వము పేరుపెట్టి ప్రకటించియున్నది గనుక, అది ఇల్లను వాదము నిలువదు. దానికి రిజిస్ట్రేషను వేఱు, నంబరు వేఱు. 61వ సెక్షను ననుసరించి దాని సొంత నంబరు ప్రక్కభాగమునను, లాగు కారు నంబరు వెనుకభాగమునను కనబడవలెను. పుట్టినింటి పేరు ఒకచోట, మెట్టినింటి పేరు ఒకచోట ధరించి తిరుగు కోడలు వంటిది.

పెట్టరాదు = ఇది శ్లేష. పెట్టగూడదని నిషేధార్థము, పెట్టుట చేతకాదని రెండవ యర్థము. రెండవదానిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ట్రైలరును వెనుకకు నడుపునపుడు, అది ఎడమకు పోవలెనన్నచో మొదట స్టీరింగు కుడికి త్రిప్పవలెను. ట్రైలరు ఎంత పొట్టిదైన అంత త్వరగా వంకర తిరిగి కారునకు అడ్డము వచ్చును. పొడుగుదే కష్టమని లోకము భ్రమించును గాని, పొట్టిదే పొగరుబోతు. సందులో ఒకవైపు ఇస్త్రీబండి, మఱియొకవైపు కరెంటు స్తంభము. కొంతసేపు ప్రయత్నించి, కొక్కెము విప్పి, వాచ్‌మన్‌ను, ఇస్త్రీ ఆయనను పిలిచి, ముగ్గురును చేతులతో నెట్టి నిలిపి, చక్రముల క్రింద రాళ్లు పెట్టుటయే ఈ సందున సంప్రదాయము.

పెట్టినచో = ఆజ్ఞను ఎవరును పాటింపరని రచయితకు ముందే తెలియునని సూచన.

గాలి = టైరులోని గాలి యని వాచ్యార్థము. ఒకనాటి ఉదయమున మాస్టారు చూడగా డబ్బా ఒకప్రక్కకు ఒరిగియుండెను. ఎవరిని అడిగినను నిద్రపోవుచుంటిమనిరి. కారు జాకీ ట్రైలరు ఫ్రేము క్రింద పట్టదు. విడి టైరు బరువని ఇంట దింపియుండిరి. చివరకు పంక్చరు షాపు కుఱ్ఱవాడు వచ్చి పది నిమిషములలో గాలి నింపిపోయెను. నిజమునకు ఇంటాయన శిక్ష మెత్తనిది. తిరుగక నిలిచియున్న టైరు గాలి యుండియు చెడును. ఎండకు రబ్బరు పగులును. గీతలు అరుగకున్నను, అయిదాఱేండ్లు గడచినచో మార్చవలసినదే. టైరు ప్రక్కన నాలుగంకెలలో పుట్టిన వారమును, సంవత్సరమును అచ్చువేయబడియుండును; 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమని గ్రహింపవలెను. కారుటైరునకు ప్రమాణము కిలోమీటర్లు. ట్రైలరు టైరునకు ప్రమాణము కాలము. తీసిన గాలి మరల వచ్చును. నిలిచి పోగొట్టుకొనిన రబ్బరు రాదు. బేరింగులకు ఏటేట గ్రీజు పెట్టుటయు, జూను వానకు ముందు పైకప్పు అతుకులలో సీలెంటు నింపుటయు ఈ కోవలోనివే. నింపనివాని పఱుపు జూలైలో చెప్పును.

గాలి యనగా ఫాను గాలి యని లక్ష్యార్థము. కథయంతయు ఇచ్చటనే యున్నది. మొదట 12 ఓల్టుల చిన్న ఫాను ఉండెను, అది చాలెను. మే నెలలో సందులోనే, తలుపు మూసికొని లోపల పండుకొని పరీక్షించిన మాస్టారికి చాలలేదు. ఏసీ కావలెనన్న బ్యాటరీ కావలెను. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడుకొనినచో దాని ఆయువు తఱుగును గనుక లిథియముది కొనిరి. 12.8 ఓల్టుల నూఱు ఆంపియరు గంటల బ్యాటరీలో నుండునది 1280 వాట్ అవర్లు. ఆఱువందల వాట్ల ఏసీ దానిని రెండు గంటలు దాటిన కొద్దిసేపటికే త్రాగివేయును. కావున రెండవ బ్యాటరీ. దానిని నింపుటకు పైకప్పుమీద సోలారు ఫలకములు. ఇరువైపుల అయిదంతస్తుల మేడలుండుటచే వానికి నడిమధ్యాహ్నము తప్ప ఎండ తగులదు గనుక, బాల్కనీనుండి ఒక తీగ. ఆ తీగ ఇంటాయన గేటు మీదుగా పోవుటచే రెండవ వివాదము. అది ప్రస్తుతము కాదు.

ప్రస్తుతమైనది బరువు. లీటరు నీరు కిలో తూగును. వంట వెనుకనే గదా యని అరువది లీటర్ల తొట్టిని మాస్టారు వెనుకనే బిగించిరి. ట్రైలరు మొత్తము బరువులో సుమారు పదవవంతు ముందు కొక్కెముమీద ఆనవలెనని వాడుకరుల నియమము. వెనుక బరువైనకొలది ముక్కు తేలికపడును, ముక్కు తేలికైనకొలది తోక యూగును, వేగము హెచ్చినకొలది ఆ యూగుట కారునే యూపును. అపుడు స్టీరింగుతో పోరాడరాదు. వేగము మెల్లగా తగ్గింపవలెను. చేవెళ్ల మఱ్ఱిచెట్ల క్రింద ఈ పాఠమును నేర్చుకొని, అనంతగిరి చేరకయే మరలివచ్చిన మాస్టారు, తొట్టి తీసివేయుటకు మాఱుగా అంతకంటె పెద్ద కారును విచారించుచున్నారు. నా అభిప్రాయము అడిగినచో, ఫానుతో ఆగియుండవలసినది. అనంతగిరిలో గాలి ఉచితము. కాని సందులో నిలిచిన వాహనమునకు ప్రయాణము లేదు. ప్రయాణము లేనివానికి మిగిలినది దానికి ఏదో ఒకటి తగిలించుటయే. ఆదివారము వచ్చినచో మాస్టారు అడవికి పోరు, సామానుకై రాణిగంజు పోవుదురు.

తీయబడును = కర్మణి ప్రయోగము. తీయువాడెవడో చెప్పబడలేదు. ఇంటాయనయా, మనుమడా, వాచ్‌మనా? మాటలలో దాదాపు వినబడని ఈ 'బడు' ధాతువు బోర్డులమీద మాత్రమే వర్ధిల్లుట గమనింపదగినది. కర్త లేకున్న కేసు లేదు.

తాత్పర్యము

మా గేటునకు అడ్డముగా వాహనము నిలుపకుడు. నిలిపినయెడల టైర్లలోని గాలి తీసివేయుదుము.

పాఠాంతరము

ఇటీవల మూలములో మూడవ వాక్యము చేరినది: 'ట్రాలీలు కూడ పెట్టరాదు.' రంగు వేఱు, చేవ్రాత వేఱు; ప్రక్షిప్తమనుటలో సందేహము లేదు. దీనివలన ఇంటాయన కోరినది జరుగలేదు. మాస్టారు అరుగు ఎక్కి, 'అంకుల్, కూడ అని వ్రాసినారు గదా. అంటే మొదటి వాక్యంలో ట్రాలీ లేదని మీరే ఒప్పుకున్నట్టు. ఆ రోజు తీసిన గాలి అన్యాయంగా తీసినట్టే గదా?' అని యడిగిరి. ఇంటాయన చాలసేపు బోర్డువంక చూచి, 'ఆగండి మాస్టారూ' అని, రంగుడబ్బా తెమ్మని మనుమనిని లోపలికి పంపెను. 'కూడ' అను పదము చెరిపివేయబడునో, నాలుగవ వాక్యమే పుట్టునో తెలిసిన పిమ్మట తరువాతి సంపుటము వెలువడును.