రశీదు తీసుకున్న రాముడు

మారువేషాల చరిత్రను ఎవరైనా గ్రంథస్థం చేయదలిస్తే మొదటి అధ్యాయాన్ని మణుగూరు పరిసరాలకు కేటాయించక తప్పదు. ఈ ప్రాంతపు ప్రతిష్ఠ అంతా సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లోనూ, అశ్వాపురం భారజల కర్మాగారంలోనూ, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రంలోనూ ఉందని భావించేవారు గోదావరి అవతలి ఒడ్డును విస్మరిస్తున్నారు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన, దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల దగ్గరే సీతాపహరణం జరిగిందని స్థలపురాణం చెబుతుంది. భక్తిని కాసేపు పక్కన పెట్టి ఆ ఘట్టాన్ని ఎఫ్ఐఆర్ చదివినట్లు చదివితే, బంగారు లేడి, అరువు గొంతు, సన్యాసి వేషం అనే మూడు అంగాలతో కూడిన పకడ్బందీ మోసం ఒక్క పూటలో పూర్తయినట్లు తేలుతుంది. నేటి క్రిప్టో మోసగాళ్లు తామే కనిపెట్టామని మురిసిపోతున్న పద్ధతులు ఆ మూడే కనుక, పేటెంటు తీసుకోకపోవడం ఒక్కటే రావణుడి వ్యాపారంలో లోపమని చెప్పాలి.

క్రిప్టోకరెన్సీ అంటే ఏ బ్యాంకూ పూచీ పడని, వేలాది కంప్యూటర్లు ఉమ్మడిగా నడిపే బ్లాక్‌చెయిన్ అనే ఖాతా పుస్తకంలో అంకెలుగా మాత్రమే ఉండే సొత్తు. దీన్ని కొన్నవారూ, కొనబోయేవారూ, కొని చింతిస్తున్నవారూ టెలిగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ చేరే గుంపులకు కమ్యూనిటీ అని గౌరవనామం. ఎవరు ఎవరో తెలియకపోవడం ఈ సమాజంలో సిద్ధాంతంగానే చలామణీ అవుతోంది. 2009లో మొదలైన బిట్‌కాయిన్ సృష్టికర్త పేరుగా ప్రచారంలో ఉన్న సతోషి నకమోటో అన్నది మారుపేరు; ఆ సతోషి తానేనని ఏళ్ల తరబడి వాదించిన ఆస్ట్రేలియా దేశస్థుడు క్రెయిగ్ రైట్ ఆ మనిషి కాడని 2024 మార్చిలో లండన్ హైకోర్టు తేల్చింది. మూలపురుషుడే ముసుగులో ఉండగా ఆ ముసుగుకు కూడా నకిలీ హక్కుదారు పుట్టుకొచ్చిన వంశంలో, అడ్మిన్ అని పేరు పెట్టుకున్న ప్రతి బొమ్మనూ నమ్మడానికి చాలా పెద్ద మనసు కావాలి. అంత పెద్ద మనసుకు తెలుగునాట కొదవ లేకపోవడమే ఈ పరిశీలనకు కారణం.

మొదటి అంగమైన బంగారు లేడికి నేటి పేరు స్క్రీన్‌షాట్. లక్ష పెడితే పది లక్షలైనట్లు చూపే ఆ చిత్రం గ్రూపులో ఒకసారి మెరిసి, పట్టుకోబోయేలోగా మరికాస్త దూరం గెంతి, వెంటపడినవాణ్ణి ఇల్లూ వాకిలీ కనబడనంత లోపలికి తీసుకుపోతుంది. అది మారీచుడి మాయేనని లక్ష్మణుడు ఆనాడే అనుమానించాడు. అయినా ఆయన మాట చెల్లలేదు. ఈనాటి గ్రూపులో అదే అనుమానం వ్యక్తం చేసినవాడికి నెగెటివ్ మనిషి అన్న బిరుదు ఇచ్చి, ఆ పూటే బయటికి సాగనంపుతారు.

లేడికి పూసే బంగారం పెద్దల పేర్ల నుంచి వస్తుంది. 2020 జులై 15న బరాక్ ఒబామా, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ వంటి ప్రముఖుల ట్విటర్ ఖాతాలు ఒక్కుమ్మడిగా దొంగల చేతిలో పడి, వెయ్యి డాలర్ల బిట్‌కాయిన్ పంపితే రెండు వేలు తిరిగి పంపుతామని ప్రకటించాయి. ప్రపంచ కుబేరులు వెయ్యి డాలర్ల కోసం చెయ్యి చాచడం వింతగా తోచనివారి నుంచి కొద్ది గంటల్లోనే లక్ష డాలర్లకు పైగా రాలింది. దీని సూత్రధారిగా పట్టుబడినవాడు ఫ్లోరిడాకు చెందిన 17 ఏళ్ల కుర్రవాడు. 2021 డిసెంబరు 12న భారత ప్రధాని ట్విటర్ ఖాతాలోనే, దేశం బిట్‌కాయిన్‌ను చట్టబద్ధం చేసిందనీ, ప్రభుత్వం 500 బిట్‌కాయిన్లు కొని ప్రజలకు పంచుతోందనీ ఒక ప్రకటన ప్రత్యక్షమై కాసేపటికి మాయమైంది. 2024 సెప్టెంబరు 20న సాక్షాత్తు సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానల్ హ్యాక్ అయి, ధర్మాసనం వాదనలు కనబడవలసిన చోట రిపుల్ అనే పేరూ, ఎక్స్ఆర్‌పీ అనే క్రిప్టో ధరల ముచ్చటా దర్శనమిచ్చాయి. ఈ మూడు సందర్భాల్లోనూ ఖాతా అసలుదే, మాట మాత్రమే నకిలీది. కాబట్టి పేరు పక్కన నీలి టిక్కు చూసి నమ్మడమంటే, గుమ్మానికి ఇంటాయన పేరున్న పలక వేలాడుతోంది కనుక లోపల బీరువా తెరుస్తున్నవాడు కూడా ఇంటాయనే అనుకోవడం.

రెండవ అంగం గొంతు. మారీచుడు నేలకూలుతూ రాముడి కంఠంతో వేసిన కేక పర్ణశాలకు చేరగానే ఆలోచనకు వ్యవధి లేకుండా పోయింది. గొంతును అరువు తెచ్చుకోవడంలో అసలు ప్రయోజనం పోలిక కన్నా తొందర పుట్టించడమే. ఉన్న మనిషి ముఖాన్నీ స్వరాన్నీ కంప్యూటరుతో పోతపోసి, అనని మాట అనిపించే ఈ విద్యను నేడు డీప్‌ఫేక్ అంటున్నారు. ఆటోమేటిక్ ట్రేడింగ్ యాప్‌లను తాను సమర్థించినట్లు వస్తున్న వార్తలూ వీడియోలూ బూటకమని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023 డిసెంబరులో స్వయంగా చెప్పుకోవలసి వచ్చింది. జీవితమంతా పొదుపు గురించి చెప్పిన మనిషి ముఖంతో జూదాన్ని అమ్మగలిగిన కళాకారుల ముందు మారీచుడు చిన్నబడి పిల్లవాడు.

అన్నింటిలోకీ ఫలప్రదమైనది మూడవ అంగం, సన్యాసి వేషం. మణుగూరు పీవీ కాలనీలో సెకండ్ షిఫ్టు దిగివచ్చిన డంపర్ ఆపరేటరు ఒకరు, రాత్రి పదకొండు దాటాక, డబ్బు విత్‌డ్రా కావడం లేదని గ్రూపులో రాశారనుకుంటే, రెండు నిమిషాలు తిరక్కుండానే ఆయనకు విడిగా ఒక సందేశం వస్తుంది: “నమస్తే అన్నా, మీ ప్రాబ్లం చూశాం. చిన్న వెరిఫికేషన్ ఉంది. మీ 12 పదాలు పంపండి, పది నిమిషాల్లో సెట్ అయిపోతుంది.” బొమ్మ అడ్మిన్‌దే, పేరూ అడ్మిన్‌దే, ఇంగ్లిషులో చిన్న ఎల్ అక్షరం ఉండవలసిన చోట పెద్ద ఐ అక్షరం ఉండటం ఒక్కటే తేడా. ఆ రెంటినీ విడదీసి చూడటం నిద్రమొహంతో ఉన్న కంటికి సాధ్యం కాదు. నడిరాత్రి రెండు నిమిషాల్లో పలికే కస్టమర్ కేర్ భూమ్మీద ఎక్కడా లేదన్న లోకజ్ఞానం ఆదుకోవలసింది, కానీ అన్నా అన్న పిలుపు దాన్ని కూడా నిద్రపుచ్చుతుంది.

ఆ పన్నెండు పదాలనే సీడ్ ఫ్రేజ్ అంటారు. 2,048 మామూలు ఇంగ్లిషు పదాల పట్టిక నుంచి 12 గానీ 24 గానీ ఎంచి, ఒక వరుసలో పేర్చి, వాలెట్ అనే డిజిటల్ బీరువాకు తాళంచెవిగా ఇస్తారు. ఈ పదాలు చేజిక్కినవాడికి పాస్‌వర్డుతో గానీ యజమాని ఫోనుతో గానీ పనిలేదు. పైగా బ్లాక్‌చెయిన్ మీద ఒకసారి జరిగిన బదిలీని రద్దు చేసే మేనేజరు ఎవరూ ఉండడు. తాళం అడగని సన్యాసి కూడా ఉన్నాడు. అతడు బాధితుడు తరచూ డబ్బు పంపే చిరునామాతో మొదటి, చివరి అక్షరాలు కలిసే మరో చిరునామా తయారుచేసి, దాని నుంచి నయాపైసంత పంపి, లావాదేవీల జాబితాలో దాన్ని విత్తనంలా నాటి కూర్చుంటాడు; బాధితుడు పాత జాబితా నుంచి చిరునామా కాపీ చేసుకున్న రోజున పంట కోస్తాడు. 2024 మేలో ఒక పెద్ద మదుపరి ఈ విధంగానే దాదాపు 6.8 కోట్ల డాలర్ల సొత్తు తప్పుడు చిరునామాకు పంపుకున్నాడు. అంత పెద్ద వేట పడేసరికి దొంగకే భయం వేసిందేమో, తరువాత దాన్ని తిరిగి ఇచ్చివేశాడు. మణుగూరు స్థాయి మొత్తాలకు అంతటి భయభక్తులు ఆశించడం అత్యాశ.

ఈ విత్తనానికి బొగ్గునేల ఎందుకు అనువైందన్నది పరిశోధనార్హమైన ప్రశ్న. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్, రిటైరైన నాడు సీఎంపీఎఫ్ అనే బొగ్గుగని భవిష్యనిధి, ఇలా డబ్బు ఏ నెలలో వస్తుందో ఊరందరికీ తెలిసిన చోటు ఇది. 2024లో సింగరేణి నికర లాభంలో పెట్టుబడులకు పక్కన పెట్టింది పోగా మిగిలిన దానిలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, కార్మికుల వాటాగా ప్రకటించినప్పుడు ఆ వార్తను కార్మికులతో సమానమైన శ్రద్ధతో మోసగాళ్లు కూడా చదివి ఉంటారు. పైగా వేషధారి కోల్‌బెల్టుకు కొత్తవాడు కాదు. పెద్ద సారు తన మనిషేనని చెప్పి, మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ చేయించి కొడుక్కి ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు గుంజే దళారులను నమ్మవద్దని సంస్థ ప్రకటనల మీద ప్రకటనలు ఇస్తూనే ఉంటుంది. టెలిగ్రామ్ అడ్మిన్ ఆ దళారికి దత్తపుత్రుడు.

కొన్నిచోట్ల వేషం కూడా అనవసరమైంది. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరిట నడిచిన గొలుసుకట్టు వ్యవహారంలో పోలీసులు అరెస్టు చేసినవారిలో ప్రభుత్వ ఉపాధ్యాయులూ ఉన్నారు. అంటే ఊరివారికి బాగా తెలిసిన ముఖం అన్నింటికన్నా దిట్టమైన ముసుగు కాగలదని తేలింది. మేడారం జాతరలో భక్తులు బెల్లాన్ని బంగారం అంటారు, కానీ ఆ నిలువెత్తు బంగారాన్ని కాటా మీద తూచి మరీ సమర్పిస్తారు. బెల్లానికి చూపే ఆ జాగ్రత్తలో వీసమెత్తు కూడా చూపకుండా కాయిన్ అనే పేరుగల గాలికి లక్షలు పోయడం ఈ కాలపు విశేషం.

మూడు అంగాలూ ముగిశాక నాలుగవ పాత్ర ప్రవేశిస్తుంది. భద్రాచలం పక్కనున్న ఏటపాక పేరు జటాయుపాక నుంచి వచ్చిందనీ, రావణుణ్ణి అడ్డగించిన పక్షి అక్కడ పోరాడిందనీ స్థానికులు చెప్పుకుంటారు. నేటి నేరగాళ్లు జటాయువు వేషం కూడా వదిలిపెట్టలేదు: పోయిన క్రిప్టోను తిరిగి రప్పించే నిపుణులమనీ, సైబర్ అధికారులమనీ చెప్పుకుంటూ, ఒకసారి మోసపోయినవారినే వెదికి పట్టుకుని ముందుగా ఫీజు అడుగుతారు. అసలు జటాయువు రెక్కలు పోగొట్టుకున్నాడే కానీ ఎవరినీ అడ్వాన్సు అడగలేదు. నిజమైన సహాయానికి జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, దాని పోర్టల్, రాష్ట్రంలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉన్నాయి. చాలామంది బాధితులు మొదట యూపీఐ ద్వారా రూపాయల్లోనే చెల్లిస్తారు కనుక, ఆ సొమ్ము అద్దె ఖాతాలు దాటి క్రిప్టోగా మారకముందే ఫోను చేస్తే బ్యాంకులో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. పరువు గురించి రెండు రోజులు ఆలోచించి చేసే ఫిర్యాదు, పుష్పకం సముద్రం దాటాక వేసిన బాణమే అవుతుంది.

వాల్మీకి రామాయణంలో లేకపోయినా జనం నోట నిలిచిన లక్ష్మణరేఖను ఈ రంగంలో గీయడం కష్టమేమీ కాదు. ఓపెన్‌కాస్టు గనిలో మస్టర్ పడనిదే మనిషి పనిలోకి దిగడు, సైరన్ మోగనిదే బ్లాస్టింగ్ జరగదు. ఆ క్రమశిక్షణలో పదోవంతు ఫోనుకు వర్తింపజేస్తే చాలు. పిలవకుండా తనంతట తానే విడిగా పలకరించినవాడు అడ్మిన్ కాడన్నది మొదటి గీత. సీడ్ ఫ్రేజ్‌ను అడిగే హక్కు లోకంలో ఏ సంస్థకూ లేదన్నది రెండవది. పంపిన లింకు నొక్కకుండా సంస్థ చిరునామాను స్వయంగా టైపు చేయడం, సందేహాన్ని నలుగురూ చూసేలా గ్రూపులోనే అడగడం, చిరునామా మొత్తాన్ని చదివి మొదట స్వల్ప మొత్తం పంపి చూడటం మిగిలినవి. ముందు పన్ను కడితేనే లాభం చేతికొస్తుందనేవాడికి చెప్పవలసిన జవాబు చట్టంలోనే ఉంది: 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను అమలులో ఉన్న మాట నిజమే, కానీ దాన్ని ప్రభుత్వానికి కడతారు, ఎవరో ఒకరి ఫోన్‌పే నంబరుకు కాదు.

ఇన్ని గీతలు గుర్తుండనివారికి భద్రాచలంలోనే మరొక మారువేషం కథ ఉంది. సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్నను విడిపించడానికి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో అర్ధరాత్రి తానీషా దగ్గరకు వెళ్లారని ఐతిహ్యం. మారుపేర్లు, పిలవని రాక, వేళకాని వేళ, ఇలా సైబర్ పోలీసులు చెప్పే ప్రమాద సంకేతాలన్నీ అందులో ఉన్నాయి. అయితే వచ్చినవారు ఖజానా తాళం అడగలేదు, ప్రాసెసింగ్ ఫీజు కట్టమనలేదు, పదింతలు చేస్తామనలేదు. ఆరు లక్షల మొహరీలు ముందు పోసి, చెల్లుకు రశీదు రాయించుకుని మరీ వెళ్లారు. వేషం చూసి దేవుడెవరో దొంగెవరో చెప్పడం తానీషా వల్లే కాలేదు కాబట్టి, మణుగూరు క్వార్టర్లలో ఫోను పట్టుకుని కూర్చున్నవారు ఆ ప్రయత్నం మానుకుని, వచ్చినవాడి చెయ్యి ఇస్తోందా అడుగుతోందా అన్నది మాత్రం గమనిస్తే సరిపోతుంది. మారువేషంలో వచ్చిన దేవుడు కూడా రశీదు లేనిదే కదలని నేల ఇది.