తీపి నీళ్ల స్తోత్రం

ఓ తీపి నీళ్ల వ్యాపారమా, నీ నేర్పుకు సాటి లేదు. చక్కెర నీళ్లు ఎవరైనా అమ్ముతారు. ఆ నీళ్లకు డాక్టరు మాటంత విలువ తెచ్చిపెట్టడం మాత్రం నీకే చెల్లింది. 2025 దాకా ఎండకాలం దేవరకొండలోనో అచ్చంపేటలోనో మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే నీ మహిమ కళ్లారా కనబడేది. "అన్నా, పిల్లగానికి మోషన్లయితున్నయ్, ఓఆర్‌ఎస్ ఇయ్యి" అనేది ఒక తల్లి. ఫ్రిజ్‌లోంచి చల్లటి డబ్బా ఆమె చేతికొచ్చేది. దాని మీద నిగనిగలాడే పండు బొమ్మ, పేరులో ఆ మూడక్షరాలు. ఆమె అడిగిందే దొరికిందనుకునేది.

నీ చూపు ఎంత పదునైనదో! ఆ మూడక్షరాల వెనక ఎంతమంది ప్రాణాలున్నాయో నీకు ముందే తెలుసు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం తరిమిన శరణార్థులు బనగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ చాలని వేళ డాక్టర్ దిలీప్ మహలనబీస్ బృందం ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు నోటితో తాగించి వేలమందిని నిలబెట్టింది. ఓఆర్‌ఎస్ అని పిలిచే ఆ ద్రావణానికి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. పేగు గోడలోంచి గ్లూకోజు, సోడియం జతగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. చక్కెర మితిమీరితే కథ తిరగబడుతుంది. ఒంట్లో ఉన్న నీరు కూడా పేగులోకి దిగుతుంది, విరేచనాలు ముదురుతాయి. ఆ పేరు పెట్టుకున్న కొన్ని డబ్బాల్లో లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉందని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. దాదాపు తొమ్మిది రెట్లు! కొసరు వేయడంలో నీ అంత ధారాళం ఎవరికుంది?

నీ మాట చెల్లుబాటూ గొప్పదే. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2022లో ఆ పేరు వాడొద్దని చెప్పింది. కొన్ని నెలలు తిరక్కుండానే, జులైలో, బ్రాండు పేరుకు ముందో వెనకో తగిలించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద ఒక వాక్యం అచ్చేస్తే చాలంది. పేరు ముందు, అది కాదన్న వాక్యం పక్కన! మర్రిగూడలో పత్తి చేను నుంచి పరుగున వచ్చిన తల్లి, చంకలో వాంతులు చేసుకుంటున్న బిడ్డతో, ఏది చదువుతుందో నీకు తెలియదా? తెలుసు. అందుకే నిన్ను పొగుడుతున్నాను. పొగుడుతుంటే కడుపు మండుతోంది.

ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూయాలో ఎరిగిన వంశం నీది. 1960ల్లో అమెరికా చక్కెర పరిశోధన ఫౌండేషన్ 6,500 డాలర్లిచ్చి హార్వర్డ్ శాస్త్రవేత్తలతో ఒక సమీక్ష రాయించుకుంది, అది 1967లో అచ్చయింది. గుండెజబ్బు నేరం చక్కెర మీద పడకుండా కొవ్వు మీదికి మళ్లింది. డబ్బెవరిదో ఆ సమీక్షలో లేదు, 2016లో గానీ బయటపడలేదు. అదే ఫౌండేషన్ ఎలుకల మీద చేయించిన మరో పరిశోధనలో చక్కెరకు చెడ్డపేరు వచ్చేలా ఉందనగానే డబ్బు ఆపేసింది. ఫలితాలు అచ్చుకాలేదు. శాస్త్రాన్ని ఇంత పొదుపుగా వాడుకోవడం సామాన్యమా!

పాపం, మా పాలమూరు అంబలికి, సల్లకు, ఉప్పేసిన గంజికి నీ పాటి తెలివి లేదు. వాటికి ప్రకటనలు లేవు, సదస్సులు లేవు, బ్రాండు పేరూ లేదు. విరేచనాలప్పుడు గంజి మేలు చేస్తుందని ముసలమ్మలు చెబితే నాటువైద్యమన్నారు. బియ్యప్పిండితో చేసిన ద్రావణం కలరాలో బాగా పనిచేస్తుందని తర్వాత పరిశోధనలూ చెప్పాయి. కానీ గంజికి ఫ్రిజ్‌లో చోటెవరిస్తారు?

నీకు ఎదురు నిలవడం ఎంత కష్టమో, అంత ఘనత నీది. శివరంజని గారు సుమారు ఎనిమిదేళ్లు పోరాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోలు చేశారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. మాటలు పడి, ఏడ్చి, మళ్లీ లేచారు. 2025 అక్టోబర్ 14న వెసులుబాటు రద్దయింది. ఆ మర్నాటి నుంచే నీ ఓపిక మళ్లీ బయటపడింది. ఉన్న సరుకు అమ్ముకోనివ్వమని ఒక కంపెనీ మూడు రోజుల్లోనే ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. పసిపిల్లల పేగుల మీద ఇంత పట్టుదల మా ఆరోగ్య కేంద్రాలకుంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు నీ డబ్బా మీద ఆ అక్షరాలు ఉండకూడదు. రంగులు అవే, పండ్లు అవే ఉండొచ్చు. తల్లి నోట మాత్రం నీవు నేర్పిన అలవాటే ఉంది. ఆశా కార్యకర్త సంచిలోని పొడి ప్యాకెట్ ఉచితమని, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం కలపాలని, కొద్దికొద్దిగా తాగించి 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలని ఆమెకు ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సిన పని మాకు మిగిల్చావు.