గుమ్మానికో గుండ్రటి పంచాయితీ

క్రిస్మస్ రీత్ ఇంట్లో చేసుకోవడం చిటికెలో పని అని వీడియోలో చెప్పే అమ్మాయి చేతికి ఒక్క చుక్క జిగురంటదు. ఆమె వెనక కిటికీలో మంచు కురుస్తుంటుంది, ముందు బల్ల మీద ఫర్ కొమ్మలు బుట్టెడు ఉంటాయి. చూస్తున్న ఇల్లాలు మాత్రం గుంటూరులో ఫ్యాను కింద ఉంటుంది.

మొదట కావలసింది చట్రం. పాత హ్యాంగరును వంచితే గుండ్రంగా వస్తుందంటారు. వస్తుంది, గుమ్మడికాయకీ దోసకాయకీ మధ్యస్థంగా. ఇక కొమ్మలు బిగించడానికి సన్న తీగ కావాలి. మన ఊళ్లలో బైండింగు వైరు అడిగేవాళ్లంతా ఇల్లు కట్టేవాళ్లే.

"ఎన్నో స్లాబు మేడమ్?" అంటాడు హార్డ్‌వేరు షాపాయన.

తలుపుకు పెట్టే చక్రం కోసమని చెబితే ఆయనకు ఎక్కదు. తూకానికే తప్ప మూరల్లెక్కన ఇవ్వనని అరకిలో అంటగడతాడు. దాంతో పేట మొత్తానికీ రీత్‌లు కట్టొచ్చు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు బాల్సమ్ ఫర్ కొమ్మలు ఆ చలికి వారాల తరబడి పచ్చగా నిలుస్తాయి. మనకు దిక్కు సరుగుడు. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో కావలసినంత ఉంది. చూడ్డానికి పైన్ లాగే ఉంటుంది గానీ ఆ రెండింటికీ చుట్టరికం లేదు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. వేళ్లతో పట్టి లాగితే కణుపు దగ్గర టక్కున విడిపోతాయి. అసలు ఆకులు ఆ కణుపు చుట్టూ పొలుసుల్లా అంటుకుని, వెతికితే తప్ప కనపడవు. ఈ కిటుకు పిల్లలకు తెలియకూడదు. తెలిసిందా, కట్టాల్సిన కొమ్మ సగం కణుపు కణుపుగా ఊడి గచ్చు మీదుంటుంది.

మిగిలిన సగాన్ని ఒక్కో పుల్లా తీసి తీగతో కుస్తీ పడుతుంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తగారు ఎంతసేపని ఊరుకుంటుంది?

"ఒక్కో పుల్లా ఏంటమ్మాయ్? నాలుగేసి కలిపి కట్టుకో. దీని మొదలు మీద దాని తల పడేట్టు పెట్టి బిగించు. అన్నీ ఒకే వైపు తిరగాలి."

విదేశీ పూల దుకాణాల్లో నేర్పే పద్ధతీ అక్షరాలా ఇదే. ఆవిడ దాన్ని చామంతుల దగ్గర నేర్చుకుంది, ఏ చానలుకూ సబ్‌స్క్రయిబ్ చేయకుండా.

తర్వాతి ఘట్టం గ్లూ గన్. మెరుపు బంతిని అంటించి చెయ్యి వెనక్కి తీస్తే జిగురు వెంట్రుకంత సన్నగా సాగి, చిరుగంటనూ రిబ్బనునూ, చూద్దామని వంగిన ఆయనగారి మీసాన్నీ ఒకే బంధంలో కలుపుతుంది.

ఈ రీత్‌కు జర్మనీలో ఒక చుట్టం ఉంది. అది తలుపుకు వేలాడదు, బల్ల మీద పడుకుంటుంది. 1839లో హాంబర్గులో నిరుపేద పిల్లల ఆశ్రమం నడిపే యోహాన్ విచెర్న్, క్రిస్మస్ ఎప్పుడని రోజూ ప్రాణం తీసే పిల్లలకు జవాబుగా బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడని చెబుతారు. మామూలు రోజుకు చిన్న ఎర్రది, ఆదివారానికి పెద్ద తెల్లది. ఆకుపచ్చ కొమ్మలు తర్వాత చేరాయి. మరో మూడేళ్లకు, 1842లో, గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ పుట్టిందీ జర్మనీలోనే. కానీ కుర్రతనంలోనే అమెరికా చేరిపోయాడు కాబట్టి ఆ చక్రం ఆయన సామాన్లలో లేదు. ఉండుంటే ఈపాటికి హార్డ్‌వేరు షాపాయనకు ఇంత వివరణ ఇచ్చుకునే పని తప్పేది.

వివరణ ఒక్క షాపుతో అయిపోదు. వసారాలో వేలాడే కాగితం స్టార్ ఎవరికైనా అర్థమవుతుంది. గుండ్రంగా కట్టిన ఆకులూ పూలూ మాత్రం మనవాళ్లు చూసేది టీవీలో, నాయకులు పోయినప్పుడు. పై అంతస్తు పెద్దాయన తలుపు ముందు ఆగి, చెప్పులు విడిచి, గొంతు బాగా తగ్గించి, "ఎప్పుడు జరిగిందమ్మా?" అంటాడు. ఆ సాయంత్రానికి రీత్ మీదకు ఇంకో ఎర్ర రిబ్బనూ, ఎందుకైనా మంచిదని ఒక శాంతాక్లాజూ ఎక్కుతారు.

సరుగుడు వారానికే ఎండి తలుపు తీసినప్పుడల్లా రాలుతుంది. రైలింజన్లకు ఇంధనంగా ఒకప్పుడు దీన్ని మన తీరాల్లో నాటించారంటే అందుకే, ఎండితే భగ్గుమంటుంది. ఆ చరిత్ర చదవకపోయినా పక్కింటి పిల్లలకు విషయం తెలుసు. భోగి ముందురోజు సంచీ పట్టుకుని వచ్చేస్తారు. ఇల్లాలు బంతులూ గంటలూ ఒలుచుకుని ఎండుకొమ్మలు ఇచ్చేస్తే, వాళ్లలో పెద్దవాడు సంచీని చేత్తో తూచి చూసి పెదవి విరుస్తాడు.

"వచ్చేసారి ఇంకాస్త పెద్దది చేయండాంటీ."