పూజకేనమ్మా, నాలుగే పూలు: సవ్యాఖ్యానం

మూలం

“పూజకేనమ్మా, నాలుగే పూలు!”

అవతారిక

జంషెడ్‌పూర్, కద్మాలో కంపెనీ క్వార్టర్ల వీధి. చలికాలపు తెల్లవారుజాము. ఏ షిఫ్టు సైకిళ్లు ఇంకా రోడ్డెక్కలేదు. మంకీ టోపీ బిగించుకుని, ఒక చేత దోటి, రెండో చేత మిఠాయి కొట్టు పేరున్న ప్లాస్టిక్ సంచీ పట్టుకుని, వరసకు బాబాయిగారయ్యే ఒక పెద్దాయన ప్రహరీ మీదుగా ముద్దమందారం కొమ్మను తనవైపు వంచుకుంటున్నారు. పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసిన ఇల్లాలు “ఎవరది?” అంది. దానికి ఉత్తరంగా ఈ మహావాక్యం వెలువడింది.

కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య చేశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టుకు కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

ప్రతిపదార్థం

పూజకేన్ = దేవతార్చనకు మాత్రమే, అనగా జడలోకి గాని గాజు కూజాలోకి గాని కాదనుట; అమ్మా = ఓ గృహిణీ; నాలుగే = సంచీకి పట్టినన్ని; పూలు = మందారాలు, నందివర్ధనాలు, గన్నేర్లు, చేతికందిన పక్షమున చేమంతులును.

క్రియ ఏదీ? లేదు. ‘కోస్తున్నాను’ అన్నది వినేవాళ్లే అధ్యాహారం చేసుకోవాలి. దోటితో సహా దొరికినవాడు క్రియాపదం జోలికి పోడు. కర్తా లేడు, క్రియా లేదు, మిగిలింది కర్మ. అది ఇంటావిడది.

‘అమ్మా’ అన్నచోట శ్లేష. ఇల్లాలికి తనను పిలిచినట్టూ, ఆయన ఇంట్లో పటంలో ఉన్న దుర్గమ్మకు తనను సాక్ష్యానికి పిలిచినట్టూ వినబడుతుంది. ఇద్దరూ కిమ్మనలేరు.

‘పూలు’ అన్నమాటకు విశేషం

అదే పెరట్లో డేలియాలున్నాయి, పెటూనియాలున్నాయి, గేటు మీద కాగితం పూలు పందిరిగా అల్లుకున్నాయి. బాబాయిగారు వాటి వంక కన్నెత్తి చూడరు. బిష్టుపూర్ గోపాల్ మైదానంలో హార్టికల్చరల్ సొసైటీవారి పూల ప్రదర్శన కోసం ఇంటాయన డేలియా కుండీలకు ఆవచెక్క నానబెట్టిన నీళ్లు పోస్తాడు. పక్కమొగ్గలన్నీ గిల్లేసి కొమ్మకొక్కటే ఉంచుతాడు. పువ్వు అన్నం పళ్లెమంత అవుతుంది. ఆ కుండీల పక్కనుంచే దోటి వెళ్తుంది, వస్తుంది. రేక కూడా కదలదు. కాబట్టి లక్షణం ఇలా చెప్పుకోవచ్చు: పొద్దెక్కాక చెట్టున మిగిలింది అలంకార పుష్పం.

బంతీ డేలియా ఒకే దేశంవి, మెక్సికో. అక్కడివాళ్లు నవంబరులో చనిపోయినవాళ్ల కోసం బంతిపూలు పరుస్తారు. మనం అదే బంతిని గుమ్మానికి తోరణం కడతాం. బంతి మన పూజలోకి వచ్చేసింది, డేలియా గడప బయటే నిలబడింది. కారణం వెతకడానికి శాస్త్రాలు తిరగెయ్యక్కర్లేదు. బంతి సూదిపోటుకు తట్టుకుంటుంది, దండలో మర్నాటికీ నిలుస్తుంది. డేలియా కాడ మీద ఉన్నంతసేపే మహారాణి. 1791లో ఆండర్స్ డాల్ అనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడి పేరు దానికి పెట్టారు. పేరైతే వచ్చింది, నామార్చన రాలేదు.

కాగితం పువ్వుది మరీ అన్యాయం. మనం పువ్వనుకునే ఆ రాణిరంగు నిజానికి ఆకుది. అసలు పువ్వు మధ్యలో తెల్లగా, సన్నగా, ఎవరికీ పట్టనట్టు ఉంటుంది. పేరేమో బూగెన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడిది.

1819లో పారిస్‌లో షార్లెట్ ద లాతూర్ అనే మారుపేరుతో ఒక పుస్తకం వచ్చింది. ఏ పువ్వుకు ఏ అర్థమో అందులో ఉంది. యూరపు ప్రేమికులు దాని ప్రకారం గుత్తులు కట్టి పంపుకున్నారట. మనకలా కాదు. పువ్వు అర్థం అది చేరే పటాన్ని బట్టి తేలుతుంది. ఎర్రమందారం బాబాయిగారి సంచిలో పడితే వినాయకుడిది. ఎదుటి క్వార్టర్ బెంగాలీ మాషీమా బుట్టలో పడితే అదే జొబాఫూల్, కాళీమాతది. ఏ దేవుడిదో తేల్చేది ఎవరు ముందు లేచారన్నదే. మొగలిపువ్వు బ్రహ్మ తరఫున దొంగసాక్ష్యం చెప్పి శివుడి శాపం తిన్నది కనక ఈ పోటీలో లేదు.

పారిజాతానికి మాత్రం ఈ వాక్యం అక్కర్లేదు. అది రాత్రి పూసి తెల్లారేసరికి తనే రాలుతుంది. నేల మీదిదైనా దేవుడికి పనికొస్తుంది. ముక్కు తిమ్మన పారిజాతాపహరణంలో ఆ ఒక్క పువ్వు రుక్మిణి కొప్పులో చేరితే సత్యభామ అలిగింది. కృష్ణుడు ‘నాలుగే’ అనలేదు, ఇంద్రుడి తోటలోంచి చెట్టే పెకలించుకొచ్చాడు. మన బాబాయిగారిది ఎంత మితమో ఇక్కడ గ్రహించాలి.

శంక

ఇది చౌర్యం కాదా?

కాదని గౌతమ ధర్మసూత్రం. తీగల పూలూ చెట్ల పూలూ సొంతవాటిలాగే తీసుకోవచ్చు. పళ్లు మాత్రం కంచె లేనివే తీసుకోవాలి అన్నాడు. ఇంటాయన వాదం: కంచె నియమం పూలకూ వర్తిస్తుంది, మాది ఐదడుగుల ప్రహరీ. బాబాయిగారి అన్వయం: ఆ విశేషణం పళ్లకే చెల్లు, అందుకే మీ జామచెట్టు జోలికి ఏనాడైనా వచ్చానా? వ్యాకరణరీత్యా బాబాయిగారి పక్షమే బలంగా ఉంది, ఒప్పుకోక తప్పదు. ఇంటాయన అప్పుడు కరుణశ్రీ పుష్పవిలాపం ఎత్తుతాడు. అందులో పూలు గోడు చెప్పుకుంటే, కోయవచ్చినవాడు మనసొప్పక వట్టి చేతులతో మళ్లాడు. బాబాయిగారు ఘంటసాల పాడిన ఆ పద్యాలకు ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు; సంచీ నేలన పెట్టి తుడుచుకుంటారు.

ఈ ఊరికే ప్రత్యేకమైన ప్రమాణం ఇంకొకటుంది. 1902లో జంషెడ్జీ టాటా కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాస్తూ, రాబోయే ఉక్కు పట్నంలో వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లు, పచ్చికలు, తోటలు ఉండాలన్నాడు. అదే ఉత్తరంలో గుళ్లకూ మసీదులకూ చర్చీలకూ జాగా కేటాయించమన్నాడు. 1904లో ఆయన పోయాడు. 1919లో ఊరికి ఆయన పేరొచ్చింది. 1958లో జూబిలీ పార్కూ వచ్చింది. తోటా కట్టారు, గుడీ కట్టారు. తోటలోంచి పువ్వు గుడికి ఎలా చేరాలన్నది ఉత్తరంలో లేదు. ఆ లోపాన్ని బాబాయిగారి తరం దోటితో పూరిస్తోంది.

పూజ పుణ్యంలో సగం చెట్టు పెంచినవాళ్లకే దక్కుతుందని ఆయన అంటారు. లెక్క ఎన్నడూ చూపించలేదు.

తాత్పర్యం

ఓ తల్లీ, రేపూ వస్తాను. కుక్కను కట్టేసి ఉంచు.