కూలీ మోసిన పెట్టె: పనిసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: బలమును, ఆ బలము చూపు దిశలో వస్తువు కదలిన దూరముచే గుణింపగా వచ్చునది పని.

టీక: బలమును = తోపునో లాగునో; బలము చూపు దిశలో = ఆ వైపునకే, ప్రక్కకు కాదు; కదలిన దూరముచే = తిరిగిన దూరము కాదు, ఆ దిశకు చెల్లిన దూరముచేతనే; గుణింపగా = హెచ్చవేయగా; వచ్చునది = జౌళ్లలో వచ్చునది, రూపాయలలో రానిది; పని = పని. ‘దేనిమీద’ అని అధ్యాహారము. దీనిని విడుచుటచేతనే సకల వివాదములును పుట్టినవి.

తాత్పర్యం: సికింద్రాబాద్ స్టేషన్లో ఒక కూలీ 20 కిలోల పెట్టెను నేలమీంచి 1.8 మీటర్ల ఎత్తున తలకెత్తుకున్నాడనుకుందాం. గురుత్వ త్వరణం 9.8 గనక పెట్టె మీద ఆయన చేసిన పని సుమారు 353 జౌళ్లు. అది స్థితిశక్తిగా పెట్టెకు జమ అయింది. అక్కణ్ణించి ప్లాట్‌ఫారం చివరిదాకా ఒకే వేగంతో నడిస్తే మాత్రం పని సున్న. తల పెట్టెను పైకి నెడుతోంది, పెట్టె అడ్డంగా పోతోంది, నడుమ 90 డిగ్రీలు. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. తొమ్మిదో తరగతిలో ఆయన ఏటా లేస్తూనే ఉంటాడు. చెమట కారుతుంటే, మెడ లాగేస్తుంటే సున్న అనడానికి నోరెలా వచ్చిందంటాడు. శాస్త్రంలో పని వేరు, లోకంలో పని వేరు అని ఆయన్ని కూర్చోబెట్టడం కద్దు. అది సమాధానం కాదు, దాటవేత. అసలు సాక్ష్యం పెట్టె దగ్గరే ఉంది. ప్లాట్‌ఫారం ఈ కొసన నిలబడి జారవిడిచినా, ఆ కొసన నిలబడి జారవిడిచినా (యజమాని ఒప్పుకుంటేనే) అది సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగంతోనే నేలను తాకుతుంది. నడక పెట్టెలో ఏమైనా చేర్చి ఉంటే ఆ కొసన దెబ్బ గట్టిగా తగలాలి. తగలదు.

మరి చెమట ఎక్కడిది? బరువు కదలకపోయినా కండరం ఊరుకోదు. బిగువు నిలపడానికి అందులోని మయోసిన్ తలలు ఆక్టిన్ పోగుల్ని పట్టుకుంటూ, వదులుతూ ఏటీపీ అనే ఒంటి ఇంధనాన్ని ఖర్చు చేస్తూనే ఉంటాయి. ఆ శక్తి వేడిగా పోతుంది. బల్లకు ఈ బాధ లేదు, అదే పెట్టెను ఏడాదిపాటు మోసినా దానికి తిండి అక్కర్లేదు. అంటే సున్న అన్నది పెట్టె పద్దు. కూలీ పద్దు సూత్రం రాయనేలేదు.

పూర్వపక్షి అంతటితో వదలడు. ఆరు మీటర్ల వంతెన ఎక్కి దిగితే మొత్తం సున్నేనా అంటాడు. పెట్టె మీద, అవును: ఎక్కేటప్పుడు 1176 జౌళ్లు, దిగేటప్పుడు మైనస్ 1176. త్రీఫేజ్ విద్యుత్ ఇంజన్ బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటును తిరిగి తీగకు పంపగలదు. మోకాలికి ఆ ఏర్పాటు లేదు. దిగేటప్పుడు కూడా అది ఖర్చే పెడుతుంది. పైగా ఎక్కేటప్పుడు కూలీ తన ఒంటి బరువునూ మోయాలి. 60 కిలోలైతే మరో 3528 జౌళ్లు. ఇది సూత్రం తప్పు కాదు. 1829లో ఫ్రెంచివాడైన కొరియోలిస్ ఈ అర్థంలో పనిని స్థిరపరిచింది యంత్రాల ఫలితాన్ని లెక్కగట్టే గ్రంథంలో. కూలి రేట్ల కోసం కాదు. ఆ 353 జౌళ్లు ఒక కిలోకేలరీలో పదో వంతు కూడా కావు. సూత్రం చూపించి బేరమాడితే ఇడ్లీలో చిటికెడు ముక్కతో సరిపెట్టొచ్చు. కాబట్టి విద్యార్థులారా, పరీక్షలో సున్న అనే రాయండి. ముందు ‘పెట్టె మీద’ అని చేర్చండి.