చ్యూట్‌లో చెయ్యి: టీకా తాత్పర్య సహితం

మూలం: ఇంజన్ ఆపుము. ఆకులు ఆగువరకు వేచియుండుము. చ్యూట్‌లో చేయి పెట్టకుము. కర్రతో తీయుము.

అవతారిక: మంచు చిమ్మే యంత్రం, అనగా వాడుకలో స్నో బ్లోయర్, దాని ఒంటి మీద అంటించి ఉండే హెచ్చరిక స్టిక్కరు సారమిది. కంపెనీని బట్టి పాఠభేదాలున్నా భావం మారదు. కర్త ఎవరో తెలియదు. కంపెనీ లాయరని కొందరి మతం. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. మూలంలో లేని ముక్క రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి ఆ నియమం కుదరదు. మూలం నాలుగు ముక్కలు, చదివేవాడి వేళ్ళు పది.

దేశకాలాలు చెప్పాలి గనుక, స్థలం అమెరికాలోని మిన్నియాపొలిస్. మంచు కురవడం ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు సైడ్‌వాక్ శుభ్రం చెయ్యాలన్నది అక్కడి నగర నియమం. తీసిన మంచుని రోడ్డు మీదికి నెట్టనూ కూడదు. నాయకుడు వరంగల్ నుంచో రాజమండ్రి నుంచో వెళ్ళి ఇల్లు కొనుక్కున్న ఇంజినీరు. తొమ్మిదింటికి మీటింగు. డ్రైవ్‌వే మొగలో, తెల్లవారుజామున రోడ్డు ఊడ్చిన ప్లౌ ట్రక్కు వదిలి వెళ్ళిన మంచు గట్టు. రోడ్డు మీది తడి, మట్టి, ఉప్పు అన్నీ కలిసి ముద్దగట్టిన సరుకది. మంచు బయటికి చిమ్మే గొట్టం, అంటే చ్యూట్, పూడుకుపోయేది ఎక్కువగా ఇక్కడే. మూలానికి పని పడేదీ ఇక్కడే.

ఆకులు: ఈ బహువచనంలోనే ఆచార్యుడి లోతు తెలుస్తుంది. రెండంచెల యంత్రంలో తిరిగేవి రెండు. ముందు నోట్లో అడ్డంగా, మెలికలు తిరిగి కనిపించేది ఆగర్. అది మంచుని కొరికి మధ్యకి లాగుతుంది. దాని వెనక, కంటికి సరిగా ఆనని చోట, ఇంపెల్లర్ ఉంటుంది. మంచుని చ్యూట్ గుండా దూరంగా విసిరేది అదే. నాయకుడు వంగి చూస్తాడు. ఆగర్ కదలడం లేదు. ప్రత్యక్ష ప్రమాణం దొరికిందని సంతోషిస్తాడు. చెయ్యి మాత్రం చ్యూట్‌లో పెడతాడు, అంటే చూసింది ఒకదాన్ని, తాకబోయేది ఇంకొకదాన్ని.

ఆపుము: పూర్వపక్షం ఇలా ఉంటుంది. ‘‘ఇంజన్ ఆపేశాను, తాళం తీసేశాను, ఇంకేం భయం?’’

సమాధానం. తడిమంచు ఇరుక్కుని ఇంపెల్లర్ బిగుసుకుపోయిన క్షణంలో బెల్టు దాన్ని ఇంకా లాగుతూనే ఉంది. ఇంజన్ ఆగినా ఆ బిగువు బెల్టులోనూ ఇరుసులోనూ మిగిలిపోవచ్చు. వేలితో గడ్డ కదిలించగానే అడ్డు తొలగుతుంది, దాగిన బిగువు విడుదలవుతుంది, ఆకు ఒక్క విసురు విసురుతుంది. పూర్తి చుట్టు తిరగనక్కర్లేదు. కాబట్టి ఆగుట ద్వివిధం: నిజంగా ఆగుట, అడ్డుపడి ఆగుట. రెండో దాన్ని మొదటిదనుకున్నవాళ్ళే ఆసుపత్రిలో తేలుతున్నారు. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ వేసిన ఒక అంచనా ప్రకారం ఈ యంత్రాల వల్ల గాయపడి ఏటా ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ళు సుమారు 5,700 మంది. పోయేది చాలాసార్లు వాటమైన చేతి వేళ్ళే. సంతకం పెట్టేదీ, అన్నం కలిపేదీ ఆ చెయ్యే. చెరకు రసం బండి రోలర్ల దగ్గరికి వేలు పోనివ్వని మనిషి ఇక్కడ మోచేతి దాకా దూర్చడం వింతే.

ఇంకో విశేషం. చేతి శస్త్రవైద్యుల సంఘం చెప్పే ప్రమాదపు వాతావరణం ఎముకలు కొరికే చలి కాదు. 28 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు మైనస్ 2 సెల్సియస్, లేదా ఆ పైన ఉన్న రోజు; ఆరంగుళాలు మించిన మంచు. కఠోరమైన చలిలో మంచు పొడిపిండిలా ఎగిరిపోతుంది. ‘‘ఇవాళ చలి తగ్గిందే’’ అని నాయకుడు ఉత్సాహపడే రోజునే అది ముద్దయి గొంతుకి అడ్డం పడుతుంది.

వేచియుండుము: ఎంతసేపు? మూలం మౌనం. కనీసం ఐదు సెకన్లని ఆ వైద్యుల మాట. ఐదు సెకన్లు కూడా మీటింగు ఉన్నవాడికి యుగమే.

చేయి: గ్లవ్ తొడిగినా చేయి చేయే. పిడి మీద నొక్కి పట్టుకుంటేనే ఆగర్ తిరిగే లీవరుని టేపుతో చుట్టేసి, రెండు చేతులూ ఖాళీ చేసుకునే మేధావులున్నారు. చెయ్యి వదిలితే ఆకులు ఆగాలన్న ఉద్దేశంతోనే ఆ లీవరు పెట్టారు. చిమ్మే నోరు చేతికందే ఈ బెడద మొదట్లో లేదు. క్యూబెక్‌కి చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో తయారుచేసిన యంత్రం ట్రక్కుకి బిగించినది. 1927లో, అప్పట్లో మాంట్రియల్ పక్కనున్న ఊట్రెమాంట్ పట్టణం దాన్ని కొంది. నడిపేవాడు పైన, చిమ్మే నోరు ఎక్కడో దూరాన. తర్వాత తోసుకుంటూ నడిచే ఇంటి రకం వచ్చాక నోరూ చెయ్యీ దగ్గరయ్యాయి.

మూలంలో లేనివి కొన్ని. రాత్రి విసిరిన పేపరు మంచు కింద దాగి ఆగర్‌లో చుట్టుకుంటుంది, అప్పుడు ఆగర్‌ని ఇరుసుకి పట్టి ఉంచే షియర్ పిన్ విరుగుతుంది. విరగడమే దాని ఉద్యోగం. దాని బదులు గట్టి బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేర్‌బాక్సు. గరాజ్‌లో, తలుపు తీసి ఉన్నా సరే, ఇంజన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. వేడిగా ఉన్న ఇంజన్‌లో పెట్రోలు పొయ్యకూడదు. మెడకి చుట్టుకున్న మఫ్లర్ కొసలు కోటు లోపలికి దోపాలి. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు ఫోన్‌లో వీడియో తీస్తానంటే, ‘‘నాన్నా, మీరు లోపల కిటికీ దగ్గర నుంచోండి’’ అనాలి. మంచుతో పాటు కంకరరాళ్ళనీ ఆ చ్యూట్ విసురుతుంది.

కర్ర: చాలా యంత్రాల మీద ఒక ప్లాస్టిక్ శుభ్రపు కర్ర తగిలించే ఉంటుంది. కొన్నప్పటి నుంచి కొక్కెం వదలని కర్రలే ఎక్కువని టీకాకారుడి అనుమానం. ఇంజన్ ఆగి ఉండగా దాన్నే వాడాలి. చీపురు కర్రయినా పనికొస్తుంది. పని ముగిశాక రెండు నిమిషాలు బయటే ఉత్తినే తిప్పితే లోపలి తడి ఎగిరిపోయి, ఆకులు రాత్రికి గడ్డకట్టవు.

మీ యంత్రానికి ఆ కర్ర ఎప్పుడో ఊడిపోయి ఉంటే, వచ్చే మంచు లోపు ఒక పాత చీపురు కర్ర గరాజ్ తలుపు పక్కన పెట్టుకోండి.