నీలం ప్లగ్గు

తెల్లారితే మా అమ్మాయి నిశ్చితార్థం. పొద్దున్నే షామియానా వ్యాను రివర్సులో వచ్చి గేటుకు తగిలింది. కింది బందు ఊడి, గేటు తాగొచ్చినవాడిలా గోడకు చేరగిలబడింది.

వెల్డింగ్ మేస్త్రి మిషను దించేసరికి కరెంటు పోయింది. ఎల్‌సీ తీసుకున్నాం, స్తంభం మీద మనిషి ఉన్నాడు, నాలుగింటిదాకా రాదు పొమ్మన్నాడు లైన్‌మన్. పోనీ, షామియానా వాళ్ల 5 కేవీఏ జనరేటరు ఉందిగా!

పేచీ అక్కడే వచ్చింది. మేస్త్రి వైరు చివర పిడికిలంత నీలం ప్లగ్గు, ఫ్యాక్టరీల్లో వాడే 32 ఆంపియర్లది. జనరేటరుకున్నది మామూలు 16 ఆంపియర్ల మూడు బెజ్జాల సాకెట్టు.

ముప్పయ్యేళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా? మిషను మీద ‘200 ఆంపియర్లు’ కనబడగానే పాఠం మొదలెట్టాను. “5 కేవీఏని 230తో భాగిస్తే 22 ఆంపియర్లు కూడా లేవు. నీది 200 అడుగుతోంది. కాలిపోతుందయ్యా!”

మేస్త్రి జాలిగా చూశాడు. “అది రాడ్డు దగ్గర బయటికొచ్చేదండి మాస్టారూ, లోపలికి లాగేది కాదు. అక్కడ ఓల్టులు ఇరవై చిల్లరే. పన్నెండో గేజి రాడ్డేసి 80 దగ్గర పెడతాను. జనరేటరు మూలుగుద్ది గానీ చావదు.”

23ని 80తో హెచ్చేశాను. రెండు కిలోవాట్లు కూడా లేదు. మిషను తినేది ఇంకాస్త ఉన్నా, 5 కేవీఏకి బరువేం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం ఏటా చెప్పింది నేనే, అడిగి మార్కులు కోసిందీ నేనే.

ఇంతలో మా బావమరిది అగ్గిపెట్టెతో దిగాడు. “ప్లగ్గెందుకు బావా? వైర్లు ఒలిచి బెజ్జాల్లో పెట్టి పుల్లలు దోపితే పోలా?” అంటూనే పచ్చవైరును వెనక్కి మడిచేశాడు. అది ఉత్త అలంకారమట! కళ్లాపి తడి ఇంకా ఆరని నేల మీద, చెమట చేతులతో ఇనపగేటు పట్టుకునే మనిషికి ఎర్తు అలంకారమా అని గద్దించాను. అలిగి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు.

స్కూటరేసుకెళ్లి 16 ఆంపియర్ల ప్లగ్గు తెచ్చాను. మేస్త్రి నీలం ప్లగ్గు విప్పి, పచ్చవైరును లావుపాటి పిన్నుకు బిగించాడు. మూడో లాగుడుకు జనరేటరు అందుకుంది. రాడ్డు తగిలించగానే హుమ్మని మూలిగింది, పందిట్లో బల్బులు గుడ్లు తేలేశాయి. అంగుళం అతుకు పడిందో లేదో, ఇంజను దగ్గి ఆగింది. షామియానా కుర్రాడు ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు, తర్వాత నావైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి. లైన్‌మన్ మాట తప్పినందుకు మొదటిసారి దండం పెట్టుకున్నాను.

“పెద్ద ప్లగ్గు పట్టే బోర్డెక్కడండీ?” అన్నాడు మేస్త్రి.

మా ఇంట్లో ఉన్నది ఒకటే, బాత్రూములో గీజరుది. లోపల్నుంచి గడియ, నీళ్ల చప్పుడు, కూనిరాగం. తలుపు కొట్టాను.

“ఏం బావా,” అన్నాడు తాపీగా, “అగ్గిపెట్టె కావాలా?”